వాసెన కట్టిన జాడీలో పచ్చపురుగు

నేను ఒక గాజు జాడీని. ఆరు కిలోల ఆవకాయ నాలో అవలీలగా పడుతుంది. కొలిమి సెగలో పుట్టి, లారీలో ఎండుగడ్డి మధ్య కుదుపులు తింటూ రాజమండ్రి చేరాను. సంతలో ఎందరో నన్ను వేలితో టంగుమనిపించి, పెదవి విరిచి వెళ్లాక సుభద్రమ్మగారు కొన్నారు. మోగించి చూస్తే లోపలి గుణం తెలిసిపోతుందని మనుషులకు ఎంత నమ్మకమో!

ఆ ఇంట్లో చట్టం ఒక్కటే: తడి తగలకూడదు. తడి తగిలితే బూజు. ఏటా నన్ను కడిగి, తుడిచి, డాబా మీద మండుటెండలో ఆరబెట్టి, ఊరగాయ నింపి, మూతికి గుడ్డతో వాసెన కట్టేవారు. ఇరవై ఏళ్లు అలా గడిచాయి. నిరుడు అంచున చిన్న పెచ్చు ఊడింది. అంతే, అటకెక్కించేశారు. పనిలేని బతుకు ఎంత విసుగో నన్నడగండి.

ఈ వేసవిలో సుభద్రమ్మగారి మనవరాలు చైత్ర నన్ను కిందికి దింపింది. పూజకు పువ్వులు కోయబోయిన మామ్మకు నందివర్ధనం కొమ్మ మీద వేలెడంత పచ్చపురుగు కనబడిందట. ఆవిడ చెప్పు తీసేలోపే చైత్ర దాన్ని ఆకుతో సహా ఎత్తుకొచ్చి నాలో వేసింది.

“ఇంట్లోకి తెచ్చావుటే దాన్ని! ఒళ్లంతా దద్దుర్లెక్కుతాయి.”

“ఇది కుట్టదు మామ్మా. పెద్ద రెక్కల పురుగవుతుందిట. మా టీచరుగారు చెప్పారు.”

“అయితే వాసెనైనా గట్టిగా కట్టండర్రా. నా పక్కలోకి వచ్చిందంటే ఊరుకోను.”

చైత్ర తమ్ముడు శౌరి, ఐదేళ్లవాడు, గంటగంటకీ ఆకులు తెచ్చేవాడు. వారం తిరగ్గానే పురుగు తిండి మానేసింది. పచ్చటి ఒళ్లు గోధుమరంగుకు మారింది. క్షణం నిలవకుండా నా అడుగున చుట్టూ చుట్టూ తిరిగేది. గోడ ఎక్కేది, జారేది, మళ్లీ ఎక్కేది. దాన్ని చూసి నాకూ నిలకడ పోయింది. “చచ్చిపోతోందా అక్కా?” అని శౌరి ఏడుపు. చైత్ర టీచరుగారిని అడిగి కాస్త మట్టి, ఎండుటాకులు వేసింది. పురుగు వాటి కిందికి దూరి, రెండు మూడు రోజుల్లో ఎండు ఖర్జూరంలా గట్టిపడి పడుకుంది.

మట్టి మరీ ఎండిపోకుండా పిల్లలు నీళ్లు చిలకరించేవారు. ఒకనాడు వాళ్లు సంగీతం క్లాసుకు వెళ్లినప్పుడు సుభద్రమ్మగారు నాలోకి తొంగిచూశారు. గాజుకు పట్టిన చెమ్మ కనబడింది. “అయ్యో, బూజు పట్టి చస్తుంది పాపం” అంటూ నన్ను తీసుకెళ్లి డాబా మీద ఎండలో పెట్టారు. ఆవిడకు దాని మీద దయ కలగడం అదే మొదలు.

నేను కాగిపోయాను. లోపల అది ఒకసారి విదిలించుకుంది, మళ్లీ విదిలించుకుంది, ఆగిపోయింది. నాలో పెట్టిన ప్రాణాన్ని నేనే ఉడికిస్తున్నాను! నోరుంటే వీధంతా వినబడేలా అరిచేదాన్ని.

చైత్ర ఉత్త కాళ్లతో పరుగెత్తుకొచ్చి, చేతులు చురుక్కుమన్నా వదలకుండా నన్ను నీడలోకి లాగింది. “చంపేశావు మామ్మా!” అంది.

“ఎండ తగిలితే మంచిదనుకున్నానే…” అన్నారు సుభద్రమ్మగారు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

ఆరు రోజులు. సుభద్రమ్మగారు వంటింట్లోంచి ఏదో వంకన వచ్చి చూసి వెళ్లేవారు. ఏడోనాటి తెల్లవారుజామున గుల్ల చిట్లింది. నలిగిన రెక్కలతో ఒక జీవి బయటపడి, నన్ను పట్టుకుని ఎక్కబోయి జారిపడింది. మళ్లీ జారింది.

“ఎక్కి వేలాడకపోతే రెక్కలు విచ్చుకోవు మామ్మా!” అంది చైత్ర.

పురుగంటే ఆమడ దూరం పరిగెత్తే సుభద్రమ్మగారు వాసెన విప్పి పైటచెంగు నాలోకి దింపారు. అది పాకి చెంగు పట్టుకుంది. ఆవిడ మెల్లగా పైకి తీసి, కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి ఉంచారు. ఆకుపచ్చ మీద గులాబీ చారలతో రెక్కలు నెమ్మదిగా సాగాయి. కోడలు కాఫీకి పిలిచినా లేవలేదు. పూజవేళ దాటిపోయింది. సాయంత్రం దాకా అది చెంగు వదల్లేదు, ఆవిడ కుర్చీ వదల్లేదు.

చీకటిపడే వేళ రెక్కలు గజగజ వణికాయి.

“వెళ్లు తల్లీ. నా మీద కోపం పెట్టుకోకు” అన్నారు సుభద్రమ్మగారు. అది ఎగిరిపోయింది. చాపిన చెయ్యి ఆవిడ చాలాసేపు దించలేదు.

నాలో కాస్త మట్టి, చిట్లిన గుల్ల మిగిలాయి. పది రోజులైంది. గిన్నె ఎంగిలైతే క్షణం ఊరుకోని ఆవిడ, నన్ను మాత్రం ఇంకా ఎవరినీ కడగనివ్వడం లేదు.