గురువారం చారును చంపిందెవరు?

కాయో గరిటె కింద పెట్టేసింది. రెండోసారి రుచి చూడలేదు.

"ఇందులో ఏమీ లేదు" అంది ఇంగ్లీషులో, మెల్లగా.

టైము పదకొండు. పన్నెండుకి తలుపు తీయాలి. కాన్‌బెర్రాలోని ఆ ఎనిమిది కుర్చీల జపనీస్ హోటల్ ముందు అప్పుడే నలుగురు నిలబడ్డారు. గురువారం మరి. వారంలో ఆ ఒక్కరోజే కాయో చేప ముట్టకుండా, ఎండిన సముద్రపు నాచుతో చారు కాచి, అందులో నూడుల్స్ వడ్డిస్తుంది.

హోటల్ నడిపే డెబ్బై ఏళ్ల కాయో చూపు గిన్నె మీంచి దీపక్ మీదికి వెళ్లింది. పొద్దున పొయ్యి దగ్గర ఉన్నది అతనే. నీళ్లు మరగకముందే నాచు తీసేయాలన్నది ఆ వంటింట్లో మొదటి నియమం. మరిగించి ఉంటే రేపట్నుంచి రానక్కర్లేదని చెప్పేసింది. దీపక్ ట్రయల్ వారానికి ఇవాళే ఆఖరు రోజు. మూడు నెలలు తిరిగితే దొరికిన మొదటి పని.

"నేను మరగనియ్యలే అక్కా" అన్నాడు ఉదయశ్రీతో. "అంచులకు బుడగలు రాంగనే తీసిన. నువ్వన్న చెప్పరాదు ఆమెకు."

అతన్ని ఇక్కడ చేర్పించింది ఉదయశ్రీయే. ఆమె రాజమండ్రి నుంచి ఇక్కడి యూనివర్సిటీకి చదువుకు వచ్చిన శాకాహారి. జపాన్ వంట మీద మోజుతో రెండేళ్లు ఊరంతా గాలించింది. ఎక్కడికెళ్లినా ఫ్రిజ్‌లో బిగుసుకుపోయిన, అన్నం చుట్టిన కీరా రోల్సే. హారిసన్‌లో ఆమె అద్దెకుంటున్న ఇంటి సుగుణ ఆంటీ, ఆ చల్లన్నం కోసం రెండు బస్సులు మారాలా అని ఆటపట్టించేది. తర్వాతొక గురువారం ఉదయశ్రీ ఇక్కడ ఈ చారు ఒక గుక్క తాగింది. చింతపండు లేదు, కారం లేదు, పోపు లేదు. చూడ్డానికి నీళ్లు. నాలుక మీద మాత్రం ఏదో లోతు తెరుచుకుంటూ పోయింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. వారం తిరక్కుండా వచ్చి, అంట్లయినా తోముతానని పనిలో చేరింది.

ఇప్పుడు గరిటె అందుకుని తనూ రుచి చూసింది. గోరువెచ్చటి నీళ్లు, అంతే.

కానీ ఒక లెక్క కుదరలేదు. నాచు మరిగితే చారు చేదెక్కి, జిగటగా మారుతుందని నేర్పింది కాయోయే. ఇందులో చేదూ లేదు, జిగటా లేదు. ఆ మాటే కాయోతో అంది. ఆమె ఆలోచించి, తల ఊపింది. మరిగించలేదన్నమాట. అయితే తప్పు నిన్ననే జరిగింది.

నిన్న మధ్యాహ్నం కాయో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తూ, మర్నాటి చారుకి నాచు నానబెట్టే పని మొదటిసారి ఉదయశ్రీకి అప్పగించింది. ఉదయశ్రీకి భయం వేయలేదు. ఆకును నీళ్లలో వేయడంలో తప్పేం జరుగుతుంది?

కాయో కొత్త ప్యాకెట్ విప్పింది. అట్టలాంటి నల్లటి ఆకు. ఒళ్లంతా విభూతి పూసినట్టు తెల్లటి పొడి. వేలు అద్ది నాకమని సైగ చేసింది.

ఉదయశ్రీ నాకింది.

ఆ మొదటి గురువారం మొత్తం వేలి కొస మీద ఉంది. ఎక్కడో చల్లటి సముద్రం అడుగున పెరిగిన ఆకు, ఎండుతూ ఎండుతూ తనలోని రుచినంతా ఈ పొడిగా పైకి తెచ్చి దాచుకుంది. బయట జనం నిలబడింది ఈ చిటికెడు తెలుపు కోసం. ఆమెకు ఒళ్లు జలదరించింది. ఒక్క క్షణం వంటిల్లు, గడియారం, అన్నీ మర్చిపోయింది.

మరుక్షణం నిన్నటి గిన్నె గుర్తొచ్చింది.

నిన్న ఈ పొడిని చూసి బూజనుకుంది. ఇంట్లో బియ్యమైనా పప్పైనా మూడు నీళ్లు కడగందే పొయ్యెక్కదు. అందుకే ఆకును వేణ్ణీళ్లలో నానేసి, పీచుతో రుద్ది, పచ్చగా దిగిన నీళ్లు మూడుసార్లు పారబోసింది. తళతళలాడే ఆకును నాలుగో నీళ్లలో పెట్టి, శుభ్రంగా చేశానని మురిసిపోయింది కూడా. ఎవరూ చూడలేదు.

"పోనీలే అక్కా, ఇంకోటి చూస్కుంట" అంటూ, వాళ్లిద్దరి మాటలు వినపడని దీపక్ ఏప్రన్ ముడి విప్పుతున్నాడు.

ఉదయశ్రీ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"దీపక్ కాదు, కాయో సాన్."

"మరెవరు?" జవాబు తెలిసే అడిగింది కాయో.

"ఉదయశ్రీ. నేనే కడిగేశాను. మూడుసార్లు."