లూపులో వియ్యంకుడు

భూషణానికి కోపం రావడం పెద్ద విశేషమేమీ కాదు. బచేలి టెలిఫోను ఎక్స్చేంజిలో ఆయనకు కోపం వచ్చిన రోజులకంటే రాని రోజులు గుర్తుపెట్టుకోవడం సుళువు. అయితే ఆ కోపాలన్నీ టీ చల్లారేలోపే చల్లారిపోయేవి. వియ్యంకుడి మీద కోపం ఒక్కటే పెళ్ళినాటి నుంచీ ఆవకాయలా ఊరుతూ వచ్చింది.

వియ్యంకుడు సీతారాములుది కొంటా. శబరి ఒడ్డున అక్కడి ఎక్స్చేంజిలో ఆయనా ఇలాంటి టెక్నీషియనే. లైన్లు బాగుచేసుకుంటూ ఫోన్లో మాట్లాడుకున్న మాటల్లోనే పిల్లల సంబంధం కుదిరింది. పెళ్ళి కొంటాలో జరిగింది. బంతి భోజనాల వేళ ఆడవాళ్ళు వియ్యాలవారిని ఆడిపోసుకుంటూ పాటలు పాడారు. అది ఆనవాయితీ. దానికి మొహం మాడ్చుకున్నవాణ్ణి చూసి నలుగురూ ఇంకాస్త నవ్వుతారు. పాటలయ్యాక సీతారాములు లేచి, మంచినీళ్ళ గ్లాసు చెవికి ఆనించుకుని, భూషణం ఫోన్లో ఎలా మాట్లాడతాడో చేసి చూపించాడు. "హలో, ఆఁ, చెప్పండి చెప్పండి" అంటూనే అవతలివాణ్ణి ఒక్క ముక్క చెప్పనివ్వకపోవడం, ప్రశ్నా తానే వేసి జవాబూ తానే చెప్పి ఠపీమని పెట్టేయడం. గొంతు అచ్చుగుద్దినట్టు దిగింది. పందిరంతా గొల్లుమంది.

అందరికంటే ఎక్కువ నవ్వింది భూషణం భార్య తిరుపతమ్మ. అసలు మంట అక్కడే పుట్టింది. కానీ ఇంట్లో అన్నం పెట్టే మనిషి మీద కోపం పెట్టుకోవడం తెలివైన పని కాదు గనక, భూషణం దాన్ని మొత్తంగా వియ్యంకుడి మీదికి మళ్ళించాడు. ఆనాటి నుంచి మాటలు బంద్. కొంటాతో పని పడితే లైన్‌మన్ హడ్మా మాట్లాడతాడు, భూషణం పక్కన నిలబడి గోడతో చెబుతున్నట్టు చెబుతాడు.

ఇంతలో కూతురు సారలమ్మకు ఏడో నెల వచ్చింది. తొలిచూలు. పుట్టింటికి తెచ్చుకోవాలి. ఎనిమిదో నెలలో పిల్లను కదిలించరు. తొమ్మిదో నెలలో కొంటా నుంచి బచేలి దాకా ఆ గుంతల రోడ్డు మీద ప్రయాణమంటే కాన్పు బస్సులోనే అయ్యేట్టుంది. కాబట్టి ఈ నెల దాటకూడదు. అయితే తల్లి అడిగితే చెల్లదు, కబురు పంపితే మర్యాద కాదు. "మా పిల్లను పంపండి బావగారూ" అనే మాట పిల్ల తండ్రి నోటినుంచే రావాలి. నెల తరిగిపోతోంది, తిరుపతమ్మ చిక్కిపోతోంది, భూషణం నోరు మాత్రం పెగలడం లేదు.

"ఈ పాత రేడియో లైనుల ఏం మాట్లాడుతమే, అంత గరగర. నేనొకటంటే ఆయనొకటి ఇంటడు. గాజు లైను పడనియ్యి, సాఫ్‌గ మాట్లాడుత" అన్నాడు భూషణం. జగదల్‌పూర్, బచేలి అన్నీ కొత్త రాష్ట్రంలోకి వచ్చిన మరుసటేడది. రోడ్డు పొడుగునా కందకం తవ్వి కొంటా దాకా గాజుపోగుల కేబులు వేస్తున్నారు. పని ఇప్పట్లో తెమలదని ఆయన ధీమా.

కానీ ఆయన ఖర్మ కాలి, పని తెమిలింది. రెండు ఊళ్ళకూ మల్టీప్లెక్సరు పెట్టెలు దిగాయి.

ఆ పెట్టె ఏం చేస్తుందో భూషణం అన్నం తింటూ భార్యకు వివరించాడు. "బోరింగు కాడ బిందెల వరస చూస్తవు గద? ఒక్కటే బోరింగు, వంద బిందెలు. ఒక్కో బిందెకు ఒక్కో చుక్క పోసుకుంట తిరుగుతున్నమనుకో. ఎంత జల్ది అంటే, ఎవ్వరికీ ఆగినట్టు తెల్వదు. గట్లనే ఒక్క గాజుపోగుల నుంచి అందరి మాటలు పోతయి. అవతలి పెట్టె మళ్ళ ఎవరి చుక్క వాళ్ళ బిందెల పోస్తది."

తిరుపతమ్మ అంతా శ్రద్ధగా విని, "మంచిగున్నది. మరి మన సారలమ్మ బిందె ఎప్పుడు పెడతవు?" అంది. భూషణం మజ్జిగ పోయమన్నాడు.

బచేలి పెట్టెను ఆయన ముద్దుగా నిలబెట్టాడు. ఆ పనిలో ఆయన్ని వేలెత్తి చూపేవాడు లేడు. చట్రాన్ని నేలకు బిగించాడు, ఎర్తు తీగ కలిపాడు, బ్యాటరీ కరెంటు కొలిచి ఇచ్చాడు. గాజుపోగు కొసను స్పిరిట్టుతో తుడిచి, భూతద్దంలో చూసి, మళ్ళీ తుడిచాడు. బచేలిలో గనుల నుంచి లేచే ఇనుపరాతి ఎర్రదుమ్ము చేరని చోటు లేదు. అన్నంలో పడినా జనం ఓర్చుకుంటారు గానీ, వెంట్రుకంత పోగు కొనమీద పడితే వెలుతురు దాటదు. అన్నీ అయ్యాక పెట్టెకు లెక్కలు నేర్పడం మొదలుపెట్టాడు. ఏ దారిలో ఏ లైను పోవాలి, చుక్కల వరస తప్పకుండా ఏ కొస గడియారం ఏ కొసను నడిపించాలి, అవన్నీ కీబోర్డు మీద కొట్టి చెప్పాలి. బచేలి పెద్ద ఎక్స్చేంజి గనక గడియారం బచేలిది, దాన్ని చూసి నడవాల్సింది కొంటా. పెళ్ళిలో దక్కని పెద్దరికం గడియారంలోనైనా దక్కిందని భూషణం ఆ మీట కాస్త గట్టిగానే నొక్కాడు.

ఇక మిగిలింది పరీక్ష. దానికి కొంటా వాళ్ళు లూపు పెట్టాలి. అంటే, ఇక్కడ నుంచి పోయిన సంకేతాన్ని అక్కడ మలుపు తిప్పి వెనక్కి పంపాలి. పోయింది పోయినట్టు తిరిగొస్తే దారి బాగున్నట్టు. ఈ పనిలో ఒక కట్టుబాటుంది. లూపు ఎవరు పెట్టమన్నారో, వాళ్ళే తీయమనాలి. అడక్కుండా తీస్తే అవతలివాడి పరీక్ష చెడిపోతుంది.

పాత రేడియో లైను ఫోను హడ్మా చేతిలో ఉంది. "మా సాబ్ లూపు పెట్టమంటుండు. మీకు కూడ ఇనబడేటట్టు పెట్టమంటుండు" అన్నాడతను. అవతల ఏదో విని నవ్వి, "కొంటా సాబ్ మీకు దండాలు చెప్పమన్నడు" అన్నాడు.

"పని చూసుకొమ్మను."

పరీక్ష యంత్రం మధ్యాహ్నం దాకా ఒక్క తప్పు చూపించలేదు. పెట్టె మీద దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. పాత రేడియో లైను ఆపేయమని జగదల్‌పూర్ ఇంజనీరుగారి ఉత్తర్వు ముందే వచ్చి ఉంది.

"ఇంకేమన్న చెప్పాల్నా సాబ్?" అన్నాడు హడ్మా ఫోను చేతిలో పట్టుకుని.

"చెప్పేదేముంది? ఆయనతోని మనకిగ పని లేదు" అని భూషణం పాత లైను మీట కిందికి లాగేశాడు. లూపు మాట ఆయనకు గుర్తే లేదు. కోపం ఉన్న బుర్రలో ఇంకోదానికి చోటుండదు.

అప్పుడే తిరుపతమ్మ వచ్చింది. దుమ్ము లోపలికి రాకూడదని గుమ్మంలోనే చెప్పులు విడిచి, పెట్టెకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"గాజు లైను పడ్డదట గదా. అడుగు మరి."

"హడ్మాతోని ముందు ఒక మాట..."

"బిడ్డ నీదా, హడ్మాదా?"

హడ్మా మొహం తువ్వాలుతో తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. భూషణానికి దారి లేకపోయింది. రెండు కొసల పనివాళ్ళు మాట్లాడుకోవడానికి పెట్టెకే ఒక రిసీవరు ఉంటుంది. దాన్ని తీసి చెవికి పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"హలో, బచేలి."

అవతల నుంచి కూడా "హలో, బచేలి" అని వినిపించింది. భూషణం గొంతే. పైగా ఆయన అన్నాక కాదు, అంటూండగానే, మాట వెంట మాట అతుక్కుని.

భూషణం మొహం జేవురించింది. రిసీవరుకు చెయ్యి అడ్డుపెట్టి, "చూసినవా? మళ్ళ మొదలుపెట్టిండు!" అన్నాడు భార్యతో. చెయ్యి తీసి, "బావగారూ, ఇది నవ్వులాట కాదు" అన్నాడు. ఇది నవ్వులాట కాదని అదే గొంతు ఆయనకే చెప్పింది.

"పెద్దమనిషివి, సిగ్గుండాలె!"

సిగ్గుండాలెనని జోడుగా వినిపించింది. భూషణం ఆగితే అదీ ఆగింది. దగ్గితే దగ్గింది. ఆయనకు కోపంతోపాటు కొంచెం భయం కూడా వేసింది. "నేనేం అనబోతున్ననో ముందే ఎరుకైనట్టు అంటుండే! ఎన్ని దినాలు సాధన చేసిండో" అని భార్యతో అని, రిసీవరులోకి అరిచాడు: "ఆపుతవా లేదా? నీ అసుమంటి వియ్యంకుడు పగవానికి కూడ వద్దు! నోరు మూస్కో ముందుగాల!"

నోరు మూసుకోమని చెవిలో గట్టిగా వినబడేసరికి, ఆ క్షణానికి నిజంగానే మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా లూపులు పెట్టించి తీయించిన మనిషి. ఇంకెవరి విషయంలోనైనా ఒక్క హలోకే కనిపెట్టేవాడు. అద్దంలో చూసుకుని ఎదుటివాడు వెక్కిరిస్తున్నాడనుకోవాలంటే వియ్యంకుడి మీద అంత కోపం ఉండాలి మరి.

తిరుపతమ్మ లేచి రిసీవరు లాక్కుంది. "అన్నా, నేను తిరుపతమ్మను. మా సారలమ్మ..." అని ఆగిపోయింది. మళ్ళీ మెల్లగా, "సారలమ్మా, బిడ్డా" అంది. రిసీవరును చెవి నుంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందయ్యా ఇది, నేనన్నదే నాకినబడుతున్నది. అన్నకు ఆడగొంతు కూడ వస్తదా ఏంది?"

భూషణం పచ్చదీపాల వైపు చూశాడు. హడ్మా వైపు చూశాడు. లూపు! తీయమని చెప్పనే లేదు. అడగందే తీయకూడదని కొంటాలో కట్టుబాటు పాటించి కూర్చున్నాడు వియ్యంకుడు. పాత లైనును మళ్ళీ లేపాలంటే సాయంత్రమవుతుంది, పైగా జగదల్‌పూర్‌కు సంజాయిషీ చెప్పుకోవాలి. అంతకంటే ఘోరమైన సంగతి ఇంకోటి గుర్తొచ్చి ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. వాళ్ళకు కూడా వినబడేట్టు పెట్టమని తనే చెప్పించాడు. అంటే ఇంతసేపూ ఇక్కడి మాట ప్రతి ఒక్కటీ కొంటాలో వినిపిస్తూనే ఉంది. వాళ్ళ మాట మాత్రం ఇటు రాదు.

ఆ ముక్క ఆయన గొణుగుతూ చెప్తే తిరుపతమ్మ రిసీవరును భర్త చేతిలో పెట్టింది. "వాళ్ళు ఇంటరు గని మారు మాట్లాడలేరు. నీకు గావాల్సింది గదే గద ఎప్పుడూ. ఇగ అడుగు" అంది. మళ్ళీ తనే అంది. "నెల దాటితే ఇగ రాదయ్యా అది."

భూషణం రిసీవరు మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు. తర్వాత "బావగారూ" అన్నాడు. చెవిలో తన గొంతు తనకే వినిపించింది. పోలీసు స్టేషన్లో హాజరు పిలుస్తున్నట్టుంది. ఇన్నేళ్ళూ జనంతో ఈ గొంతుతోనా మాట్లాడాను అనుకున్నాడు. సిగ్గేసింది. మళ్ళీ ప్రయత్నించాడు, ఈసారి తగ్గించి.

"బావగారూ, ఇందాకటి మాటలు మనసుల పెట్టుకోకండి. నేను లూపు మర్చిపోయిన. పెళ్ళిల మీరన్నదాంట్ల కూడ అబద్ధమేం లేదు." కొంచెం ఆగాడు. చెవిలోనూ ఆగింది. "మా పిల్లను పంపండి బావగారూ. నేనే వచ్చి తీస్కపోత. దానికి తొలిచూలు. ఏమన్న అయితదేమోనని నాకు రాత్రిళ్ళు నిద్ర పడుతలేదు. దాని తల్లికి గూడ చెప్పలేదు ఈ మాట." తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగ లూపు తియ్యండి. దయచేసి."

దయచేసి అన్న మాట ఆయన నోట హడ్మా అంతవరకూ వినలేదు. కిటికీ నుంచి వెనక్కి తిరిగి చూశాడు.

పెట్టె మీద ఒక దీపం ఎర్రబడి, మళ్ళీ పచ్చబడింది. రిసీవరులో వేరే మనిషి ఊపిరి వినిపించింది.

"తీసిన బావా. పొద్దుగాల నుంచి చెవుకు పెట్టుకునే కూసున్న. నువ్వు తియ్యమంటెనే గద నేను తీసేది?" అన్నాడు సీతారాములు.

"అంత ఇన్నరా?"

"ఇన్నం. కొత్త లైను పడ్డదని ఇంటామె, బిడ్డ కూడ వచ్చిన్రు, అందరం ఈడనే ఉన్నం. పిల్లను పంపనని ఎవలన్నరయ్యా? నువ్వు అడుగుతలేవని మీ చెల్లె నన్ను రోజూ తిట్టుడే. ఎల్లుండి రా. కోడి కోస్త. జీపు నేను మాట్లాడుత, బస్సు మాట ఎత్తకు. ఇగో, బిడ్డకిస్తున్న."

భూషణం లేచి నిలబడ్డాడు. అవతల రిసీవరు చేతులు మారిన చప్పుడైంది.

"నాయినా" అంది సారలమ్మ. పక్క గదిలోంచి పిలిచినట్టుంది. "నాయినా, నేను. మంచిగున్నవా?"

నోరు మూయించడం ఎవరి తరమూ కాని మనిషి నోరు తెరిచాడు గానీ మాట రాలేదు.

"హలో? నాయినా? ఇనబడుతుందా?" అని కాసేపు చూసి, "మామా, మళ్ళ పోయినట్టున్నది, అటు నుంచి ఏం వస్తలేదు" అంది సారలమ్మ, పక్కనున్న మామతో.

తిరుపతమ్మ భర్త చేతిలోంచి రిసీవరు మెల్లగా తీసుకుంది.

"లైను మంచిగనే ఉన్నది బిడ్డా" అంది. "మీ నాయిన ఏడుస్తుండు."