పెన్సిల్ గీతలున్న చోట

పనిగది ఊడుస్తుంటే బల్ల కింద పిండిలాంటి చెక్కపొడి కనిపించింది. నాకు ఒళ్ళు మండింది. నేను ఇనుపరేకుతో గీకుతాను, నా చేతి కింద చెక్క చుట్టలు చుట్టుకుని రాలుతుంది. పొడి రాలాలంటే గరుకు కాగితంతో రుద్దాలి. ఈ ఇంట్లో ఆ కాగితం ముట్టుకునేది మా ఆయనొక్కడే, అదీ పనంతా అయిపోయాక, విల్లుని నునుపు చేసి తన పేరు చెక్కుకోవడానికి.

లోకానికి విల్లులు చేసేది ఆయన. రెండు సగాలూ సమానంగా వంగేదాకా గీకేది నేను. గోడకున్న దిమ్మె మీద విల్లు నిలిపి, తాడు మెల్లగా కిందికి లాగి, ఏ సగం బిగదీసుకుందో చూసి అక్కడ మాత్రమే కాస్త గీకాలి, మళ్ళీ లాగి చూడాలి. మెత్తబడ్డ చోట ఇంకో పొర తీశామా, అక్కడే విరుగుతుంది. "అమ్మాయి ఊసుపోక కాస్త గీకిపెడుతుందిలెండి," అంటుంది అత్తయ్య వచ్చినవాళ్ళతో. ఊసుపోకట! వంట, గిన్నెలు, బట్టలు, ఆవిడ మోకాళ్ళకి మర్దనా అన్నీ అయ్యాక నాకు ఊసుపోకపోవడం ఒకటి తక్కువైంది.

ఈ విల్లు మాత్రం నాది. విలువిద్య నేర్పే టీచర్ నేరుగా నన్నే అడిగి చేయించుకుంటోంది. "చేసినవాళ్ళ పేరే దానిమీద ఉండాలండీ," అంది. ఆవిడ అటు వెళ్ళగానే మా ఆయన నవ్వాడు. "పేరుదేముంది? ఇంట్లో ఒకరిదుంటే ఇద్దరిదీ ఉన్నట్టే కదా." ఆ ఒకరు నేనెందుకు కాకూడదని అడగలేదు. అడగనందుకు నామీద నాకే కోపం.

అప్పట్నుంచీ కింది సగం రోజురోజుకీ మెత్తబడుతూ వచ్చింది. మొదట చెక్కని అనుమానించాను, తర్వాత గదిలో తేమని, ఆ తర్వాత నా కళ్ళని, నా చేతుల్ని. ఏది చెడినా తప్పు నాదేమోనని వెతుక్కోవడం కాపురంలో అలా అలవాటైపోయింది. ఈ పొడి చూశాక అనుమానం చోటు మార్చుకుంది. భోజనం వడ్డిస్తూ ఆయన వేళ్ళు చూశాను. గోళ్ళ సందుల్లో తెల్లగా పొడి.

"ఏంటలా చూస్తున్నావ్?"

"ఏం లేదు."

"విల్లు ఎందాకా వచ్చింది?" అన్నాడు, ఎన్నడూ లేనిది.

వెళ్ళి విల్లు దించి చూశాను. నా గీతలు మళ్ళీ లేవు. ఇన్నాళ్ళూ నా చేతి రాపిడికే చెరిగాయనుకుని తిరిగి గీస్తూ వచ్చాను. అందరూ గీకాల్సిన చోట గుర్తు పెట్టుకుంటారు. నేను ముట్టుకోకూడని చోట పెన్సిల్‌తో అడ్డగీతలు పెడతాను. ఆ సంగతి ఆయనెప్పుడూ అడగలేదు. సరిగ్గా ఆ గీతలున్న చోటల్లా, ఎంతో శ్రద్ధగా, అరగదీసి పెట్టాడు. పాడుచెయ్యాలనా? లేక నా విల్లులో తన చెయ్యి కూడా ఉందనిపించుకోవాలనా? రెండోదైతే నాకు ఇంకా అవమానం. అడిగితే నేర్పేదాన్ని కదా.

సాయంత్రం టీచర్ వచ్చింది. నేను ముందుగదిలోకి వెళ్ళేసరికి విల్లు ఆయన చేతుల్లో ఉంది. "మీరు మా ఆవిడకి చెప్పారు గానీ, ఆఖరి పనంతా నేనే చూసుకున్నానండీ. తనకి అంత పట్టు ఉండదు."

"ఒకసారి లాగి చూపించండి," అంది ఆవిడ.

ఆయన తాడు మీద వేళ్ళు వేశాడు. నేను ఊరుకుంటే చాలు, విరిగేది. విరిగాక "చేసింది తనేనండీ" అనేవాడు, అందులో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. విరిగిన విల్లు మాత్రం నా పేరున ఉండేది.

"ఆగండి, విరుగుతుంది," అన్నాను. "కింది సగం ఈయన అరగదీశారు."

ఆయన మొహం మాడిపోయింది. "ఏంటా మాటలు, బయటివాళ్ళ ముందు?"

నేను ఆయన వైపు చూడలేదు. టీచర్‌నే అడిగాను.

"మీకు కొత్తది చేసిస్తాను. మీ మైదానం దగ్గర తాళం వేసుకునే గది ఏదైనా ఉందా? తాళంచెవి నా దగ్గరే ఉండాలి."