నా చేతిమీద నడిచిన బండి

చొక్కాకి అంటిన ఇంజను నూనె ఒక పట్టాన వదలదు. ముందు కాస్త డీజిలు పోసి రుద్దాలి, తర్వాత సబ్బు పెట్టి బండమీద బ్రష్షు వెయ్యాలి. ఎంత చేసినా మచ్చ చుట్టూ పసుపుపచ్చ గీత మిగిలిపోతుంది. ఆ రోజు మా ఆయన చొక్కాలు మూడు ముందేసుకుని కూర్చున్నాను. వసారాలో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న మా అత్త నాంచారమ్మ నా వైపు చూడకుండానే అంది:

“రుద్దు తల్లీ, రుద్దు. నీ చేతి చలవే గదా ఆ నూనంతా.”

నేను బ్రష్షు ఇంకాస్త గట్టిగా వేశాను.

మాది వినుకొండ దగ్గర పల్లె. మా ఆయన త్రినాథ్‌కి ఒక చిన్న లారీ ఉంది. ఊళ్ళో రైతుల మిర్చి టిక్కీ బస్తాలు గుంటూరు యార్డుకి చేరవెయ్యడం ఆయన పని. నాలుగేళ్ళ కిందట లోడు కడుతూ బస్తాల మీద నుంచి జారిపడ్డారు. తొడ ఎముక విరిగింది. బండి వాకిట్లో నిలబడిపోయింది. అద్దెకు పెట్టిన డ్రైవరు పదిరోజులకే మానేశాడు. అప్పుడు మంచంమీద నుంచి ఆయనే అన్నారు, “పొలంలో ట్రాక్టరు తిప్పినదానివేగా, ఇదీ అంతే.” లైసెన్సు తీసుకున్నాను. రెండు కాపులు నేనే తోలాను. తెల్లారగట్ల లేచి వంట చేసి, ఆయనకి ఒళ్ళు తుడిచి, అత్తకి కాఫీ ఇచ్చి, అప్పుడు స్టీరింగు ముందు కూర్చునేదాన్ని. యార్డు గేటు దగ్గర “డ్రైవరేడమ్మా?” అని అడిగేవాళ్ళు. “నేనేనండీ” అంటే కిందికీ పైకీ చూసేవాళ్ళు. మిర్చి ఘాటుకి అందరి కళ్ళల్లోనూ నీళ్ళే కాబట్టి నా కళ్ళు ఎందుకు తడిగా ఉన్నాయో ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే, నా బతుకులో నేను ఒంటరిగా, ఎవరికీ ఏమీ అందించకుండా కూర్చున్న గంటలు ఆ రోడ్డుమీదే ఉన్నాయి.

ప్రతి శనివారం ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి, నేలకు తట్టి దుమ్ము దులిపి మళ్ళీ బిగించేదాన్ని. మెకానిక్కు బుడాన్ మేస్త్రి నేర్పాడు. మిర్చి కల్లాల దుమ్ము, పత్తి నూగు కలిసి ఇంజనులోకి పోతే సిలిండరు గీసుకుపోతుందని చెప్పాడు.

ఆయన కాలు బాగయింది. తాళం ఆయన జేబులోకి వెళ్ళింది. వెళ్ళాల్సిందే, నేనూ కాదనలేదు. ఏడాది తిరిగేసరికి బండి నీలం పొగ కొట్టడం మొదలెట్టింది. నూనె తాగుతోంది, ఎత్తు ఎక్కలేకపోతోంది. “ఆడది తోలిన బండి అట్టే అవుద్ది” అని ఎవరో అన్నారట. ఆయన నవ్వి ఊరుకున్నారట. ఆ నవ్వు ఇంట్లోకొచ్చింది. కూర మాడినా, టీవీ ఆగినా, “కోటిరత్నం చెయ్యి పడిందేమో చూడండర్రా” అని నా పేరెత్తి నవ్వడం మామూలయింది. మా అమ్మాయి తేజశ్రీ కూడా నవ్వేది. పదహారేళ్ళ పిల్ల, ఇంట్లో అందరూ నవ్వేదానికి నవ్వింది.

మొన్న ఏప్రిల్‌లో బుడాన్ మేస్త్రి ఇంజను విప్పాడు. మా ఆయన టీకి వెళ్ళిన సమయంలో నేను క్యారేజీ పట్టుకెళ్ళాను. మేస్త్రి నన్ను దగ్గరికి పిలిచి సిలిండరు లోపలికి టార్చి కొట్టాడు. నిలువునా గీతలు.

“దుమ్మమ్మా ఇది. ఫిల్టరు డబ్బా తెరిస్తే ఖాళీ. తీసి పారేసి తోలాడు మీ ఆయన. ఫిల్టరు లేకపోతే బండి బాగా లాగుద్దని ఎవడో చెప్పుంటాడు. నువ్వు తోలినన్నాళ్ళూ దీనికేం కాలేదు.”

క్యారేజీ కింద పెట్టి నేనూ వంగి లోపలికి చూశాను.

“నేను చెప్పానని అనబాకమ్మా. మగమనిషి, నలుగుర్లో చిన్నబోతాడు. పిస్టను రింగులు మారుస్తున్నా, కొత్త ఫిల్టరు పెట్టేస్తున్నా. ఇక్కడితో వదిలెయ్.”

వదిలేశాను. అన్నం వడ్డిస్తూ చాలాసార్లు నోటిదాకా వచ్చింది. కాలు విరిగిననాడు దుప్పటి కప్పుకుని ఏడ్చిన మనిషి గుర్తొచ్చేవాడు. పోనీలే, ఒక మాట పడితే నాకేం పోతుంది అనుకున్నాను.

రింగులు నాలుగు నెలలు కూడా ఆగలేదు. ఆగస్టులో పొగ మళ్ళీ మొదలయింది. ఈసారి బుడాన్ చేతులెత్తేశాడు. ఇదివరకే రెండుసార్లు లోగోడ చెక్కి బోరు కొట్టించిన సిలిండరు, ఇక చెక్కడానికి గోడ లేదన్నాడు. రీమాన్ ఇంజను వేసుకోమన్నాడు. పాత ఇంజన్లను కంపెనీవాళ్ళే పూర్తిగా విప్పి, అరిగినవన్నీ మార్చి, పరీక్షించి, వారంటీతో ఇస్తారట. మన పాతది వాళ్ళకి అప్పజెప్పాలి.

“ఎవడి బండిలోదో తెచ్చి మన బండిలో పెడతారంటరా?” అంది అత్త.

“ఇంకోసారి బోరు కొట్టిస్తే పోద్ది” అన్నారు ఆయన. “పగిలిపోద్దన్నా” అన్నాడు బుడాన్. వారం రోజులు ఈ వాదనే. ఎవరూ నన్నడగలేదు. అడిగితే రీమానే నయమని చెప్పేదాన్ని. చివరికి ఆయన సరేనని నా వైపు తిరిగారు. “కానీ ఒకటి. కొత్తది పెట్టాక నువ్వు తాళం ముట్టుకోవద్దు.” అత్త తలూపింది.

ఇంజను మారితే ఆర్సీలో నంబరు మారాలి. ఆర్సీ నా పేరుమీద ఉంది, మహిళలకిచ్చే లోనుతో కొన్న బండి కాబట్టి. ఆర్సీకీ, రీమాన్ కంపెనీవాళ్ళ వారంటీ ఫారానికీ సంతకం నాదే కావాలి. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కనుక ఫారం నింపడమూ నా పనే.

భోజనాల బల్లమీద వారంటీ ఫారం పరిచాను. తేజ పక్కన కూర్చుంది. వరసగా గళ్ళు నింపుతూ వచ్చి ఒకచోట ఆగాను. పాత ఇంజను పాడవడానికి కారణం ఏమిటని అడిగారు.

“ఆడవాళ్ళ డ్రైవింగని రాయి. వాళ్ళకే అర్థమవుద్ది” అన్నారు ఆయన. అత్త పకపకా నవ్వింది. తేజ కూడా నవ్వి, “అందుకేగా నాన్నా, పాలిటెక్నిక్కు ఆప్షన్లలో నేను ఆటోమొబైల్ పెట్టలేదు” అంది.

తల తిప్పి తేజ వంక చూశాను. బోనెట్టు ఎత్తినప్పుడల్లా నా చంక కింద నుంచి తల దూర్చిన పిల్ల ఇది. స్పానరు నంబరు నేను అడగకముందే అందించిన పిల్ల. కౌన్సెలింగులో కంప్యూటర్స్ వచ్చిందంటే, అదే కావాలనుకుందేమో అనుకున్నాను.

“ఎందుకు పెట్టలేదే?”

“నాకూ నీ చెయ్యే వచ్చిందేమోనని. ఎందుకులే అమ్మా, మళ్ళీ నన్నూ అంటారు.”

ఆ మాట చాలా మామూలుగా అంది. వాన పడుతుందేమో గొడుగు తీసుకెళ్తా అన్నట్టు అంది.

ఫారంలో రాశాను: ఎయిర్ ఫిల్టరు తీసేసి నడపడం వల్ల దుమ్ము చేరి సిలిండరు గీసుకుపోయింది. అప్పుడు బండి నడిపినవారు, త్రినాథ్. ఇకముందు నడిపేవారు ఎవరన్నచోట నా పేరు రాశాను. సంతకం పెట్టి, ఆయన ముందుకు జరిపాను.

ఆయన చదివారు. అబద్ధమని అనలేదు. కోప్పడలేదు. గొంతు తగ్గించి అడిగారు:

“బుడాన్ చెప్పాడా?”

అంటే ఆయనకీ తెలుసు.

అత్తకి అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. తేజ కాగితం లాక్కుని చదివింది. తండ్రి వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. తండ్రిని ఎట్లా చూసిందో నన్నూ అట్లాగే చూసింది.

“నీకెప్పుడు తెలిసిందమ్మా?”

“ఏప్రిల్‌లో.”

కాగితం బల్లమీద పెట్టింది. మడతలు పోయేలా అరచేత్తో నిదానంగా సాపు చేసింది.

“నేను ఆప్షన్లు పెట్టింది జూలైలోనమ్మా” అంది.