చూరు కింద

రెండు వందల పదో పెట్టెకు మేకులు కొట్టేసరికి పదకొండున్నరయింది. వరప్రసాదం జాబితాలో ఆ పేరు పక్కన టిక్కు పెట్టి, తరవాతి పేరు చదివాడు.

“రెండు వందల పదకొండు. కెన్నెత్ మాస్టరు. వయసు డెబ్బై నాలుగు.”

సిద్దప్ప పార భుజాన వేసుకుని చర్చి ఉత్తరపు గోడ దగ్గరికి నడిచాడు. అతని వెనక ముగ్గురు. నలుగురూ బావులు తవ్వే మనుషులు. రోజుకు రెండు వందలంటే సమాధులు తవ్వడానికి ఎవరూ రాలేదు. రెండు వందల యాభై చేసి, మధ్యాహ్నం కూడు చర్చి సంఘం వాళ్లే పెట్టేట్టు మాట్లాడితే వీళ్లు వచ్చారు. పని మొదలై ఇది తొమ్మిదో రోజు. నాలుగింటికి చర్చి పడగొట్టే జేసీబీ వస్తుంది. అప్పటిలోగా ఇంకా నాలుగు సమాధులు తవ్వాలి.

వరప్రసాదం పొద్దున ఆరింటి నుంచి ఆ గోడ చూరు నీడలోనే నిలబడి ఉన్నాడు. తెల్లవారుజామున ఖాళీ పెట్టెల ట్రాక్టరులో అతనితో పాటు వచ్చిన భార్య జయశీల, నీళ్ల క్యాను దించుతూ, ఆడ నిలబడొద్దు, అవతల వేపచెట్టు కింద నిలబడమంది. ఇక్కడైతే పేర్లు అందరికీ వినబడతాయన్నాడు. ఆమె అదే ట్రాక్టరులో వంటకు కాలనీకి వెళ్లిపోయింది.

ఎర్రకుంట డిసెంబరులోనే ఖాళీ అయింది. గుట్టలో ఉన్న ఇనుప ఖనిజం ఊరి కింది దాకా పాకి ఉందని రెండేళ్ల కిందట సర్వే చేసినవాళ్లు చెప్పారు. ఎకరా నలభై వేలకు కూడా కొనేవాడు లేని చోట గని కంపెనీ వాళ్లు ఆరు లక్షలిచ్చారు. అది భూమి ఉన్నవాళ్లకు. సంఘంలో భూమి ఉన్న ఇళ్లు తొమ్మిది. మిగిలిన ముప్పై ఇళ్లకు రూపనగుడి రోడ్డు పక్కన కాలనీలో ఒక్కో ఇల్లు వచ్చింది, ఇంటికొకరికి గనిలో పని ఇస్తామని ఒక కాగితం వచ్చింది. వరప్రసాదం ఇంటి కాగితం ట్రంకుపెట్టెలో ఉంది. కొడుకు ఆల్విన్ యశ్వంతనగర్‌లో వేరేవాళ్ల టిప్పరు తోలుతున్నాడు.

ఊళ్లో ఇప్పుడు నిలబడి ఉన్నది చర్చి ఒక్కటే. మిషను దొరలు రాతి గోడలు లేపి, మంగళూరు పెంకులు కప్పించిన గుడి. గోడల రంగు, పెంకుల రంగు, వేపచెట్టు రంగు ఒకటే. మూడేళ్లుగా ఆ పక్క రోడ్డు మీద ఖనిజం లారీలు ఎర్ర దుమ్ము లేపుతూ తిరుగుతున్నాయి. దీనికి బదులు కంపెనీ కాలనీలో కొత్త చర్చి కట్టించింది. పద్దెనిమిది లక్షలు. స్లాబు, గ్రానైటు మెట్లు, ఆరు ఫ్యాన్లు. రేపు ఆదివారం దాని ప్రతిష్ఠ. పాస్టరు అయ్యగారు అక్కడ షామియానా వేయిస్తున్నారు.

జాబితా వరప్రసాదం రాసిందే. ఎర్రకుంటలో ఇరవై ఎనిమిదేళ్లు పోస్టు పంచింది అతను. సంఘానికి పంతొమ్మిదేళ్లుగా కార్యదర్శి. ఒకరి ఉత్తరం ఇంకొకరి చేతిలో పెట్టిన మనిషి కాదని ఊరు అనేది. అతనూ ఆ మాట నమ్మేవాడు. తరలించాల్సిన సమాధులు ఎన్నున్నాయో తెలపమని తాలూకాఫీసు కాగితం వస్తే, బీరువాలోంచి భూస్థాపన పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కించాడు. రెండు వందల పద్నాలుగు. నేల మీద సిలువలు, రాళ్లు లెక్కబెట్టుకుని పుస్తకంతో సరిచూశాడు. సరిపోయింది.

“అణ్ణా, ఈడ పెంకు ఉండాది,” అన్నాడు సిద్దప్ప గుంటలోంచి.

పైనుంచి పడిందేదో అయి ఉంటుంది, తీసి అవతల వెయ్యమన్నాడు వరప్రసాదం.

“పడింది కాదణ్ణా. పరిచిండారు.”

కెన్నెత్ మాస్టరును పెట్టేనాటికి వరసల్లో చోటు లేక గోడకు రెండు మూరల దూరంలో పెట్టారు. గుంట వెడల్పు చేస్తుంటే గోడ వైపు మట్టి జారింది. మూరెడు లోతున ఒక మంగళూరు పెంకు బోర్లా ఉంది. సిద్దప్ప దాన్ని ఎత్తి చూశాడు. చూసి, పార పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. పెంకు కింద ఉన్న ఎముకల్లో పెద్దది కూడా చిటికెన వేలంత లేదు.

“ఇది యావ నంబరు?”

వరప్రసాదం జాబితా చూశాడు. చూడాల్సిన పని లేదని తెలిసే చూశాడు. సిద్దప్ప గడ్డపార తీసుకుని గోడ వెంబడి నేలలో మెల్లగా పొడిచాడు. ఠక్కుమంది. ఒక అడుగు జరిగి పొడిచాడు. మళ్లీ ఠక్కుమంది.

“గోడ పొడుగూతా ఉండేట్లుండాది కదణ్ణా,” అన్నాడు.

వరప్రసాదానికి మొదట గుర్తొచ్చింది పెంకులే. ఎనభై తొమ్మిదిలో చర్చికి విడిపెంకులు రెండు వందలు బళ్లారి నుంచి తెప్పించి గుడి వెనక పేర్పించాడు. మరుసటేడు లెక్కబెడితే పదకొండు తక్కువ వచ్చాయి. కాపలా ఉండే యాకోబును సంఘం ముందు నిలబెట్టి అడిగించాడు. యాకోబు ఒట్టు పెట్టుకుని ఏడ్చి, ఏడాది పాటు గుడికి రావడం మానేశాడు. ఆ రోజు చాపల మీద కూర్చున్న ఆడవాళ్లలో ఒక్కరూ నోరు తెరవలేదు.

బాప్తిస్మం కాని బిడ్డను వరసల్లో పెట్టకూడదన్నది మిషను నాటి నియమం. గంట కొట్టరు, అయ్యగారు రారు, పుస్తకంలో రాయరు. ఆడవాళ్లు చాటలో పెట్టుకుని తీసుకుపోయేవారు. ఎక్కడికని మగవాళ్లు అడిగేవారు కారు. ఎనభై రెండులో వరప్రసాదం అడగలేదు. పోస్టు సంచి కోసం బళ్లారి వెళ్లి సాయంత్రం ఇల్లు చేరేసరికి, మూడు రోజుల బిడ్డ పడుకున్న చోట అలికి ఉంది. అయిపోయింది నాయనా అంది తల్లి. జయశీల గోడకు తిరిగి పడుకుని ఉంది. ఆ తరవాత ఆల్విన్ పుట్టాడు, గ్లోరియా పుట్టింది. ముందు బిడ్డ మాట ఇంట్లో ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

కోదండరామి జీపు వచ్చి ఆగింది. అతనిది ఇదే ఊరు. నలభై ఎకరాలు కంపెనీకి ఇచ్చి, ఆ డబ్బుతో టిప్పర్లు కొని, ఇప్పుడు ఊరికీ కంపెనీకీ మధ్య పనులు చూస్తున్నాడు. పది రోజులుగా నిద్ర లేనట్టు కళ్లున్నాయి. గుంట అంచున వంగి లోపలికి చూశాడు. తరవాత, ఇవి సమాధులు కావన్నాడు. సమాధులైతే పుస్తకంలో ఉండేవి, పుస్తకంలో లేనివి తాలూకాఫీసు ఒప్పుకోదు, కొత్తగా కాగితం పెడితే ఇంకో రెండు నెలలు అన్నాడు. రేపు ప్రతిష్ఠకు కంపెనీ పెద్దలు బెంగళూరు నుంచి బయల్దేరారు.

“లిస్టు నువ్వు రాసిందే కదప్పా, నేను రాసిందా? ఆ పెంకు కిందిది మాస్టరు పెట్టెలోనే పెట్టిచ్చు. ముసలాయనకు పిల్లోల్లంటే ఇష్టమే కదా.”

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. ఎముకలన్నీ తరలించామనీ, ఈ స్థలంలో ఇక ఏ సమాధీ మిగల్లేదనీ సంఘం తరఫున కార్యదర్శి రాసిచ్చినట్టు టైపు చేసి ఉంది. కింద సంతకానికి చోటు.

వరప్రసాదం కాగితం రెండుసార్లు చదివాడు. కాళ్లు లాగుతున్నాయి. సంతకం పెడితే నాలుగింటికి పని అయిపోతుంది. పెట్టకపోతే ఎవరి దగ్గరికి పోవాలో, పోయి ఏమని చెప్పాలో అతనికి తెలియదు. పెన్ను మూత తీశాడు.

అప్పుడే కాలనీ ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలోంచి పద్నాలుగు మంది ఆడవాళ్లు కూటి గంపలతో దిగారు. జయశీల ముందు నడిచి వచ్చి, సిద్దప్ప పక్కన పెట్టిన పెంకు చూసి ఆగిపోయింది. గంప కింద పెట్టి, పెంకు తీసుకుని కొంగుతో మట్టి తుడిచింది.

“మార్తమ్మవ్వా, ఇది నీదే,” అంది.

మార్తమ్మ డెబ్బై దాటిన మనిషి. గుంట అంచున కూర్చుని లోపలికి చూసింది. “నాదే. దీని పక్కనిది కూడా నాదే. దాని పక్కది మా అత్తది,” అంది.

కోదండరామి వరప్రసాదం వైపు తిరిగి, ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“ఆయన్ని అడగద్దు కోదండరామప్పా. ఆయనకు తెలీదు. మొగోల్లకు ఎవురికీ తెలీదు,” అంది జయశీల. గొంతు పెంచలేదు. “వాన పడితే గుడి మీద నీల్లు చూరు కాడ్నించి ఈడ పడతాయి. అయ్యగారు పొయ్యని నీల్లు గుడే పోస్తాదని మా అవ్వోల్లు ఈడ పెట్టినారు. మేమూ పెట్టినాము.”

ఎంతమంది ఉంటారని అడిగాడు కోదండరామి. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తమవి చెప్పగలరు, తమ అత్తలవి చెప్పగలరు. అంతకు ముందువి చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు పెట్టెల్లో ఉన్నారు.

కోదండరామి ఎవరికో చెయ్యబోయిన ఫోను జేబులో పెట్టుకున్నాడు. సరే, ఎన్నుంటే అన్ని పెట్టెలు తన సొంత డబ్బుతో చేయిస్తానన్నాడు. ఈ పూటే తవ్వించి తీసుకుపోయి కొత్త గుడి పక్కనే పెడదామన్నాడు. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

“కొత్త గుడికి చూరు యాడుండాది?” అంది జయశీల.

అతనికి అర్థం కాలేదు. అది స్లాబు కదా, చూరెందుకు, వాన నీళ్లు పైపుల్లోంచి మోరీలోకి పోతాయని చెప్పాడు.

“అయితే మా బిడ్డల్ని మోరీ కింద పెట్టమంటావా రామప్పా?” అంది మార్తమ్మ. “నువ్వు పుట్టినప్పుడు మీయమ్మకు కాన్పు చేసింది నేనే. నీకు ముందు పోయినోడు మీ చేన్లో యాడుండాడో నేను చూపిస్తా. ఆ చేను కూడా ఇచ్చేస్తివి కదా.”

కోదండరామి జీపు దగ్గరికి వెళ్లి, తలుపు తెరిచి, ఎక్కకుండా నిలబడ్డాడు.

రోడ్డు మీద జేసీబీ కనబడింది. చెప్పిన టైముకు మూడు గంటల ముందే వచ్చింది. డ్రైవరు దాన్ని వేపచెట్టు పక్కన ఆపి, ఇంజను ఆపకుండానే, ఎక్కడ మొదలుపెట్టాలని చెయ్యూపి అడిగాడు. కోదండరామి వరప్రసాదాన్ని చూశాడు.

వరప్రసాదం కాగితాన్ని ఇంకోసారి చదివాడు. ఏ సమాధీ మిగల్లేదు. చిరునామా తప్పని తెలిసిన ఉత్తరాన్ని అతను ఎప్పుడూ పంచలేదు. పెన్నుకు మూత పెట్టి, నడిచి వెళ్లి, కాగితం జీపు బానెట్టు మీద ఉంచాడు. ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెట్టాడు.

“నేను పెట్టనప్పా,” అన్నాడు.

“నువ్వు పెట్టకుంటే అయ్యగారు పెడతాడు.”

“పెట్టనీ.”

సిద్దప్ప పార పట్టుకుని అడిగాడు, తవ్వాలా వద్దా అని. బేడ, తవ్వొద్దు, తీసిన మట్టి తీసినట్టే కప్పేయమంది జయశీల. అతను పెంకును ఎక్కడిది అక్కడ బోర్లించి, పారతో కాక చేతులతో మట్టి నెట్టాడు.

ఆడవాళ్లు చూరు కింద నీడలో కూర్చున్నారు, గోడకు వీపు ఆనించి. ఎవరి చోటు వాళ్లకు తెలుసు. కొందరి మధ్య ఒక మనిషికి చాలినంత ఖాళీ ఉంది. దాంట్లోకి ఎవరూ జరగలేదు. గంపలు విప్పి ముద్దలు పంచారు. సిద్దప్ప మనుషులకూ పెట్టారు. ఒకామె లేచి, జీపు దగ్గర నిలబడ్డ కోదండరామికి ఒక ఆకులో పెట్టి ఇచ్చి వచ్చింది. అతను తీసుకున్నాడు. తినలేదు. జేసీబీ ఇంజను ఆడుతూనే ఉంది.

వరప్రసాదం భార్య దగ్గరికి వచ్చాడు. పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్లు. ఆమె పక్కన కూర్చోబోయాడు.

జయశీల అతని మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపింది.

“ఆడ కాదు. ఈపక్కకు రా. పొద్దున్నుంచి నువ్వు నిలబడిండేది మన బిడ్డ మీదనే.”