శశికళ బేస్‌మెంటులో కంప్యూటరు

శశికళ పిస్కాటవేలో తన ఇంటి బేస్‌మెంటులో చీరలు అమ్ముతుంది. ఎనభై నాలుగులో మావారు అచ్యుతరావుగారి కన్ను ఆ వ్యాపారం మీద పడింది. పాత టీవీ, దానికి తగిలించే బుల్లి కంప్యూటరు, వివరాలు దాచడానికి క్యాసెట్ రికార్డరు. ఇంత చవకైన సిస్టమ్ మా న్యూజెర్సీలో ఎవరూ ప్లాన్ చెయ్యలేదని ఆయన నమ్మకం. ఎవరూ ప్రయత్నించలేదన్నది నిజమే.

"ఏ డిజైన్ స్పీడ్‌గా పోతోందో ఇదే చెప్తుందమ్మా. దాన్నే మళ్ళీ ఆర్డర్ చెయ్యి," అన్నారు.

"నేను రకానికి ఒక్కటే తెప్పిస్తాను అన్నయ్యగారూ," అని నసిగింది శశికళ.

"అందుకే నీ బిజినెస్ ఎదగటం లేదు."

నేను ఎకనామిక్సు బి.ఏ. అమోఘంగా తలూపాను.

కంప్యూటరు నెమలికంఠం రంగు కంచిపట్టు అంది. శశికళ చేతిలో ఉన్నదంతా పెట్టి మద్రాసు నుంచి పెట్టెడు తెప్పించింది. ఎప్పటిలా ఒక్కటే ఉందనుకుని, మా ఆడవాళ్ళు ఫోన్ చేసి ఒకరి తరవాత ఒకరు వచ్చి పట్టుకెళ్ళారు.

ఉగాది నాడు తెలుగువాళ్ళ ఫంక్షన్‌కని స్కూలు హాల్లో అడుగుపెట్టి కొయ్యబారిపోయాను. ఎటు చూసినా నెమలికంఠమే! ప్రార్థన పాడటానికి డాక్టరుగారి భార్య వసుమతి స్టేజీ ఎక్కింది. వెనకాల ఎక్కినవాళ్ళందరిదీ అదే చీర. యూనిఫారమనుకుని మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళెవరూ కొట్టలేదు.

"ఏం శశీ, మమ్మల్నందర్నీ ఎయిర్ హోస్టెస్‌లుగా రిక్రూట్ చేశావా?" దిగుతూనే అడిగింది వసుమతి. "ఇక నీ గుమ్మం తొక్కితే ఒట్టు!"

ఆ హాల్లో ఉన్నవాళ్ళు రాకపోతే శశికళకి ఇక కొట్టు లేదు.

మర్నాటికీ మావారు తేరుకోలేదు. "నచ్చే కదా కొన్నారు! పక్కావిడకీ నచ్చితే నేరమా?"

"ఎవరు ఎవరింటి పేరంటానికి వెళ్తారో గుర్తుపెట్టుకుని అమ్మేదాన్ని. ఇంకెవరికీ లేదన్న ధీమా కోసమే నా దగ్గరకొచ్చేవాళ్ళు," అంది శశికళ.

"సరుకుంది, కొనేవాళ్ళున్నారు. అమ్మొద్దని ప్రోగ్రాం రాయమంటావా?"

"రాయండి."

రాశారు. పేరు కొడితే, వాళ్ళ స్నేహితుల దగ్గర ఏ చీరలున్నాయో చూసి, అవి అమ్మొద్దంటుంది. శశికళ నెమలికంఠాలన్నీ వాపసు తీసుకుని, ఊరికొకటి చొప్పున దూరాలకు అమ్ముకుంది.

ఆ కబురు విని వసుమతి పరీక్షించడానికే వచ్చింది. మామిడిపిందెల అంచు చీర తీసింది. క్యాసెట్ కాసేపు తిరిగాక, కంప్యూటరు వద్దంది.

"ఇలాంటిదే మీ స్నేహితురాలు నళినిగారికి ఇచ్చాను వదినా. మీకు అమ్మను," అంది శశికళ.

"డబ్బిస్తానన్నా?"

"అమ్మను."

వసుమతి చీర మడతపెట్టి పక్కన పెట్టింది. తరవాత నింపాదిగా చాప మీద కూర్చుని, కొంగు సర్దుకుంది.

"అయితే అమ్మేవి చూపించు."

బేస్‌మెంటులోకి దిగుతున్న మావారు మెట్ల మీదే నిలబడిపోయారు. పొమ్మంటే కూర్చునే కస్టమర్‌ని ఆయన జన్మలో చూడలేదు.