చొక్కా మీద తడి గీత

సర్వేయరు ఏ స్థలానికెళ్లినా ముందు చెప్పులు విప్పేవాడు. ఒకప్పుడు చెరువున్న నేల మీద ఉత్తికాళ్లతో నిలబడితే చాలు, అక్కడ ఎంత లోతు నీళ్లుండేవో అంతవరకూ తడిసిపోయేవాడు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంటున్నా సరే, పెట్రోలు బంకున్నా సరే. గుమాస్తా టేపు పెట్టి ఆ తడి కొలిచి ఫైల్లో రాసుకునేవాడు. ఊరు నాలుగు వైపులా పెరిగిపోతుంటే పాత మ్యాపులు వెతికే ఓపిక ఎవరికుంది పాపం, ఈయన ప్యాంటు చూస్తే పనైపోయేది. ఆఫీసు బీరువాలో ఆయనకి రెండు జతల పొడిబట్టలు ఎప్పుడూ ఉండేవి.

రెండేళ్ల కిందట ఒక్కరోజు మాత్రం ఒళ్లు కాలిపోయే జ్వరం. "ఇవాళ తడిశారంటే మంచాన పడతారు" అని భార్య పట్టుబట్టి బూట్లు తొడిగించింది. ఒక్కరోజుకేమవుతుందిలే అనుకుని, ఆ రోజు చూసిన లేఅవుట్‌కి పొడి నేలేనని సంతకం పెట్టేశాడు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు.

మొగుడు పోయిన చెల్లెలు, బట్టలు కుట్టి కుట్టి, ఆ లేఅవుట్‌లోనే రెండు గదులు వేసుకుంది. అంతా అయ్యాకే అన్నని పిలిచింది.

"చెప్పకుండా కట్టానని కోప్పడకు అన్నయ్యా. కాగితం మీద నీ సంతకం చూశాక ఇంకెవర్నీ అడగలేదు."

ఆయన మురిసిపోతూ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపల అడుగు పెట్టాడు. ముందు మోకాళ్లు తడిశాయి, తర్వాత నడుం. తడి చొక్కా జేబు దాకా ఎక్కి ఆగింది. గచ్చు మీద మాత్రం చుక్క లేదు.

చెల్లెలు తువ్వాలు అందించింది. "తుడుచుకో, జలుబు చేస్తుంది." గొంతు తగ్గించి, "ఎవరూ చూళ్లేదుగా" అంది.

"ఆ రోజు బూట్లేసుకెళ్లానమ్మా," అన్నాడాయన. ఏడుపొచ్చేసింది. "రాస్తే ఈ వీధంతా కూలగొడతారు. రాయకపోతే, గట్టి వాన పడ్డ ఏడు నీళ్లు వాటి చోటికవే వచ్చేస్తాయి."

చెల్లెలు మెడలో టేపు తీసి, నేల నుంచి తడి గీత దాకా పట్టింది. "నాలుగడుగుల రెండంగుళాలు," అంది, జాకెట్టు కొలత చెప్పినట్టు.

మంచం మీద ఆమె కూతురు కొత్త గౌనులో నిద్రపోతోంది. ఆ గౌను కోసం పిల్లని పోయిన వారమే కొలిచింది. మూడడుగుల నాలుగంగుళాలు.

టేపు చుట్టి పక్కన పెట్టింది. మిషను సొరుగులోంచి పెన్ను తీసి అన్న చేతిలో పెట్టి, "రాయి," అంది.

ఆయన రాశాడు. తన బూట్ల సంగతీ రాశాడు. ఉద్యోగం పోయింది. వీధంతా ఖాళీ చేయించి కూలగొట్టారు.

ఆ ఏడు వానలకి చెరువు తిరిగొచ్చింది. చెల్లెలు పిల్లనెత్తుకుని గట్టు మీద చాలాసేపు నిలబడింది.

"మన ఇల్లేదమ్మా?" అంది పిల్ల.

"ఇక్కడే ఉండేది," అని, పిల్లని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.